‘ఎట్టా ఉన్నావు నాయనా’ అని అడిగే దిక్కేది?

పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకి మా పల్లెకొచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు, సెలవులు అయిపోయినా తిరిగి కాలేజీకి పోలేదు. వాడి పేరు రాయం, ఊరి పేరూ రాయం. వాడు బతికే ఉన్నాడు. ఇదే పల్లెలో మన మధ్యే తిరుగుతున్నాడు. ఈ పత్రిక వాడి చేతికీ అందుతుంది. వాడు చదివి, ‘రాయండి సార్, నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారు’ అన్నాకనే అచ్చుకిస్తున్నాం.

వాళ్ళమ్మ మిరపకోతలకి పోద్ది. నాయనది బేల్దారి పని. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాడు వీడే. టెన్త్ పాసైనప్పుడు పల్లె మొగదల ఫ్లెక్సీ కట్టాం. బాబాసాహెబు బొమ్మ పక్కన వాడి బొమ్మ, కింద ‘మా పల్లె కాబోయే కలెక్టర్’ అని. ఆ మాట రాయించింది మేమే. పదహారేళ్ళ పిల్లోడి నెత్తిన పల్లె మొత్తాన్ని ఎత్తి పెడుతున్నామని ఆ రోజు మాకు తోచలేదు.

సెలవులయ్యాక మొదట ఒంట్లో బాగాలేదన్నాడు. తర్వాత మాటలు తగ్గించేశాడు. పగలంతా దుప్పటి ముసుగు, రాత్రంతా మెలకువ. అన్నం కలిపి, తినకుండానే లేచిపోతాడు. నీళ్ళు పోసుకోమంటే ఏడుస్తాడు. వాళ్ళమ్మ గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించింది. గుణం కనపడక మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టించింది. ఆ తర్వాత ఎవరో చెప్తే పక్క మండలంలో మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయింది. మొత్తం ఇరవై రెండు వేలు అయ్యాయి, నూటికి మూడు రూపాయల వడ్డీకి.

మరి సంఘంలో ఉన్నోళ్ళం, చదువుకున్నోళ్ళం, మేమేం చేశాం? పోయి తిట్టొచ్చాం. ‘మీ అమ్మ ఎండలో కాయలు కోసి నిన్ను చదివిస్తంటే నువ్విట్టా ముసుగు తన్ని పడుకుంటావా? బాబాసాహెబు ఎన్ని కష్టాలు పడి చదివాడో తెలుసంట్రా నీకు?’ అని ఉపన్యాసం ఇచ్చాం. వాడు గోడవైపుకి తిరిగాడు. మాకు కోపమొచ్చి లేచొచ్చేశాం.

వారం తర్వాత వాళ్ళ పెద్దమ్మ కూతురు మా ఇంటికొచ్చింది. ఆమె ఏడో తరగతిలోనే బడి మానేసింది. ‘సార్, తమ్ముడు నేను లేకపోతే మీకు అప్పులన్నా తగ్గుతాయి గదక్కా అంటన్నాడు. నాకు బయమేస్తంది’ అంది. అడగాల్సిన మాట ఆ అమ్మాయి అడిగింది, వినాల్సిన మాట ఆ అమ్మాయి విన్నది. డిగ్రీలు చదివిన మేం విన్లేదు. ఇది మా తప్పు. ఈ వ్యాసం ఆ తప్పుతోనే మొదలుపెడుతున్నాం.

వాడికి ఏమైంది?

మర్నాడు వాణ్ణి జిల్లా పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మానసిక వైద్యం గదికి దారి అడిగితే అటెండరు మమ్మల్ని పైకీ కిందికీ చూశాడు. లోపల డాక్టరమ్మ మాత్రం ముప్పావుగంట మాట్లాడింది. అది దయ్యమూ కాదు, బద్దకమూ కాదు, కుంగుబాటు అనే జబ్బు అంది. మాత్రలు రాసింది, అవి ఆసుపత్రిలోనే ఊరికే ఇచ్చారు. రెండు మూడు వారాలు దాటితేగానీ గుణం కనపడదనీ, కొంచెం తేలికపడగానే మందు మానొద్దనీ చెప్పింది. చివర్లో మావైపు తిరిగి, ‘కాలేజీలో ఏం జరిగిందో ఎవరన్నా అడిగారా?’ అంది. మేం తలొంచుకున్నాం.

తర్వాత వాడు నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పాడు. మొదటి రోజు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి పేరు, ఊరు, ఏ కేటగిరీలో సీటొచ్చిందీ అడిగారు. వీడు చెప్పగానే వెనక బెంచీల్లో నవ్వు. క్లాసు వాట్సాప్ గ్రూపులో వీడికీ, ఇంకో నలుగురికీ ‘ఫ్రీ బ్యాచ్’ అని పేరు పెట్టారు. పదో తరగతి దాకా తెలుగులో చదివినోడు, పాఠం మొత్తం ఇంగ్లీషులో. అర్థంకాక లేచి అడిగితే, ‘రిజర్వేషన్లో వస్తే ఇట్టాగే ఉంటది’ అని అయ్యవారే అన్నాడు. ఆ తర్వాత వాడు ఏనాడూ లేచి అడగలేదు. స్కాలర్‌షిప్పు రాలేదు. పరీక్ష ముందు ‘ఫీజు బాకీ ఉన్నోళ్ళు లేచి నిలబడండి’ అన్నారు. నిలబడ్డోళ్ళంతా మన పిల్లలే. హాస్టలు గదిలో పద్నాలుగు మంది, ఒక్క ట్యూబులైటు, తలుపుల్లేని బాత్‌రూములు. మొదటి సెమిస్టరులో మూడు సబ్జెక్టులు పోయాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ‘బాగానే చదువుతున్నానమ్మా’ అనేవాడు.

వీటిని విడివిడిగా చూస్తే చిన్నవిగానే కనపడతాయి. పోలీసు స్టేషనుకి పోయి 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు రాయండి అంటే, ‘ఏం జరిగింది, ఎవరు కొట్టారు?’ అంటారు. 1985 జూలై 17న కారంచేడులో గొడ్డళ్ళు కనపడ్డాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపి, గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. లోకం చూసింది, మనం లేచాం. క్లాసు గదిలో జరిగేదాంట్లో గొడ్డలీ కనపడదు, నెత్తురూ కనపడదు. నవ్వు, చూపు, ఒక మాట, రాని స్కాలర్‌షిప్పు. రోజూ కొంచెం కొంచెం. పిల్లోడు లోపల్నుంచి పుచ్చిపోతాడు. బయటోళ్ళకి ‘చదవలేక ఇంటికొచ్చాడు’ అని కనపడతాడు.

ఇంగ్లీషు గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. మన పిల్లలకి ఇంగ్లీషు వద్దనేవాళ్ళం కాదు మేం. పెద్దకులాలోళ్ళు వాళ్ళ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మనకి మాతృభాష గొప్పతనం చెప్తే నమ్మేవాళ్ళమూ కాదు. కానీ ఈత రానోణ్ణి నడి ఏట్లోకి తోసి, మునిగితే వాడిదే తప్పనడం విద్యావిధానం కాదు. మొదటి ఏడాది చేయి పట్టుకుని నడిపించే తరగతులు లేకుండా మీడియం మార్చితే, ఆ దెబ్బ మొదట పడేది ఎవరి మీదో అందరికీ తెలుసు.

లెక్కల్లో లేని కులం

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తంమీద 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అందులో 2,248 మంది పరీక్ష తప్పినందుకు. చనిపోయినోళ్ళు ఏం చదివారు, ఏం పని చేశారు, ఎంత సంపాదించారు, అన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి. కులం గడి మాత్రం లేదు. అడుగడుగునా కులం అడిగే ఈ రాజ్యానికి, మన పిల్లలు చనిపోయినప్పుడు మాత్రం కులం గుర్తురాదు.

అయినా కొన్ని పేర్లు దాచినా దాగలేదు. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్. అదే యూనివర్సిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల. అంతకుముందే ఐదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టలు నుంచి వెలేస్తే, వాళ్ళు క్యాంపస్సు నడుమ ‘వెలివాడ’ అని పేరు పెట్టుకుని గుడారంలో ఉన్నారు. రోహిత్ ఫెలోషిప్పు నెలల తరబడి ఆగిపోయింది. 2019 మే నెలలో ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల్ని ఎట్టా వేరుచేసి చూస్తున్నారో ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లోనే రిపోర్టు ఇచ్చింది. 2012లో యూజీసీ నియమాలు చేసి, ప్రతి విద్యాసంస్థలోనూ సమాన అవకాశాల విభాగం, వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలని చెప్పింది. అవి కాగితాల్లోనే ఉన్నాయని 2019లో రోహిత్ తల్లీ, పాయల్ తల్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు వచ్చి అడిగితేగానీ కదలని వ్యవస్థ ఇది.

ఇవి పెద్ద చదువుల సంగతులు కాబట్టి పేపర్లకెక్కాయి. మన తాలూకా టౌనులో డిగ్రీ చదివే పిల్ల పోతే జిల్లా పేజీలో మూడు లైన్లు వస్తాయి: ‘కడుపునొప్పి తాళలేక’, ‘ప్రేమ విఫలమై’, ‘మనస్తాపంతో’. మనస్తాపం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు తాపం పెట్టారు, ఆ పేపరు రాయదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. 99 మార్కులు వచ్చిన అమ్మాయికి మొదట సున్నా అని చూపించారు. ఆ రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు చేసింది పెద్దోళ్ళు, శిక్ష పడింది పిల్లలకి.

ఆడపిల్లల సంగతి ఇంకొకటి. ఒక సబ్జెక్టు పోతే మగపిల్లోడికి ‘మళ్ళీ రాయి’ అంటారు, ఆడపిల్లకి సంబంధం చూస్తారు. అందుకని ఆ పిల్ల ఫెయిలైన సంగతీ చెప్పదు, నిద్రపట్టని సంగతీ చెప్పదు. ‘మనసు బాగాలేదని డాక్టరు దగ్గరికి పోయింది’ అని తెలిస్తే పెళ్ళి కాదని తల్లిదండ్రులూ దాస్తారు. హాస్టల్లో నెలసరి రోజుల్లో నీళ్ళుండవు, రాత్రిపూట బయటికి పోవాలంటే భయం. ఇన్ని దాచుకున్న మనిషి ఎన్నాళ్ళు నిలబడుద్ది?

మన తప్పు మనం ఒప్పుకుందాం

పెత్తందార్లనీ, ప్రభుత్వాన్నీ ఎన్నైనా అనొచ్చు, అనాలి కూడా. కానీ మన లోపల చూసుకుంటే మనం ఏం చేస్తున్నాం? ‘పిచ్చోడు’, ‘వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి’, ‘వైజాగ్ కేసు’ – ఈ మాటలు మన రచ్చబండ మీద రోజూ వినపడతాయి. కులం పేరుతో తిడితే మనకి మండిపోద్ది. మనసు జబ్బుని తిట్టుగా మార్చి మనమే వాడతాం. ఆ తిట్టు విన్న పిల్లోడు రేపు తనకి బాగాలేనప్పుడు నోరు తెరుస్తాడా?

ఉద్యమంలో ఇంకో జబ్బుంది. ‘ఇది కడుపు నిండినోళ్ళ రోగం, కష్టజీవికి ఇవన్నీ ఉండవు’ అంటాం. పగలంతా నాట్లేసి రాత్రి నిద్రపట్టక చూరుకేసి చూస్తూ పడుకునే మన అమ్మలకి లేదా దిగులు? దానికి మనం పేరు పెట్టలేదు, అంతే. ఇంకొంతమంది మిత్రులు ‘పోరాటంలో ఉన్నోడికి దిగులుండదు’ అంటారు. రోహిత్ పోరాటంలో లేడా? గుడారంలో కూర్చున్నోడికన్నా పోరాటంలో ఉన్నోడు ఎవరు? పోరాడేవాడూ అలిసిపోతాడు, కుంగిపోతాడు. ఆ మాట ఒప్పుకోకపోతే, మనం పిల్లల్ని పోస్టరు మీద చూడ్డానికే అలవాటుపడతాం. చనిపోయినోడికి జోహార్లు చెప్పడం మనకి బాగా వచ్చు. బతికున్నోణ్ణి ‘ఎట్టా ఉన్నావు నాయనా, అన్నం తిన్నావా, నిద్ర పడుతుందా’ అని అడగడం ఇంకా నేర్చుకోవాలి.

బాబాసాహెబు కష్టాలు చెప్పి మేం ఆ పిల్లోణ్ణి తిట్టామని రాశాం గదా. ఆ తర్వాత మేం సిగ్గుపడి మళ్ళీ చదువుకున్నాం. కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చిన ఆ మనిషి 1917లో బరోడాలో ఉద్యోగానికి పోతే, ఉండటానికి గది దొరకలేదు. పేరు దాచుకుని పార్శీ సత్రంలో దిగాడు. సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. పోవడానికి చోటులేక ఒక తోటలో గంటల తరబడి ఒక్కడే కూర్చున్నాడు, ఏడ్చాడు. ఏళ్ళ తర్వాత ఆ సంగతి రాసినప్పుడు కూడా తన కన్నీళ్ళు దాచుకోలేదు. సూటు వేసుకుని వేలు చూపే బాబాసాహెబునే మనం పిల్లలకి చూపిస్తున్నాం. తోటలో కూర్చుని ఏడ్చిన ఇరవయ్యారేళ్ళ భీమరావుని ఎప్పుడూ చూపించలేదు. ఏడుపు ఓటమి కాదనీ, ఏడ్చినోడే రాజ్యాంగం రాశాడనీ పిల్లలకి ఎవరు చెప్పాలి? మనమే గదా.

‘సర్దుకుపొమ్మనే’ కౌన్సెలింగ్ మనకొద్దు

మా జిల్లా మీటింగులో ఈ సంగతి ఎత్తితే ఒక పెద్దాయన, మేం గౌరవించే మనిషి, అడ్డం తిరిగాడు. ‘కులం చేసిన గాయాన్ని మీరు జబ్బంటారా? మాత్ర మింగితే కులం పోద్దా? కౌన్సిలరొచ్చి పిల్లోణ్ణి సర్దుకుపొమ్మంటాడు, అయ్యవారు మాత్రం అట్టాగే తిడుతూ ఉంటాడు. ఇది ఉద్యమాన్ని చల్లార్చే మందు’ అన్నాడు.

ఆయన మాటలో నిజముంది, కాదనం. మేం కూడా చూశాం. ఒక కాలేజీకి నెలకోసారి వచ్చే కౌన్సిలరు, కులం పేరుతో గేలి చేస్తున్నారని చెప్పిన అమ్మాయితో, ‘నువ్వు మరీ సున్నితంగా ఉన్నావమ్మా, పట్టించుకోకు, పొద్దున్నే యోగా చెయ్యి’ అన్నాడట. అట్టాంటి కౌన్సెలింగ్ మనకొద్దు. అది గాయం మీద దుప్పటి కప్పడం. పిల్లోడు చెప్పింది విని, ‘తప్పు నీది కాదు, నిన్ను అవమానించిన వాడిది’ అని చెప్పగలిగినోడే మన పిల్లలకి కౌన్సిలరు. ఆ తర్వాత ఫిర్యాదు రాయడానికి పక్కన నిలబడాలి.

కానీ అయ్యా, కాలు విరగ్గొట్టినోడి మీద కేసు పెడతాం. కేసు తేలేదాకా కాలికి కట్టు కట్టకుండా ఉంచుతామా? రెండూ చేస్తాం. కట్టు కట్టినందుకు కేసు బలహీనపడదు. కట్టు కడితేనే సాక్ష్యం చెప్పడానికి ఆ మనిషి నిలబడి కోర్టుకి రాగలడు. మనసుకైనా అంతే. మాత్ర కులాన్ని పోగొట్టదు. నిద్ర పట్టిస్తుంది, అన్నం తినిపిస్తుంది, మనిషిని లేపి నిలబెడుతుంది. నిలబడ్డాక పోరాటం ఎట్టాగూ ఉంది.

చట్టంలో ఏముంది?

పల్లెల్లో ఒక భయం ఉంది. ప్రాణం తీసుకోబోయినోణ్ణి ఆసుపత్రికి తీసుకుపోతే పోలీసు కేసవుద్దని. ఆ భయంతో ఇంట్లోనే దాచి నాటువైద్యం చేసి పోగొట్టుకున్నోళ్ళున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, అట్టాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, ఆదరణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షను లేదు. కాబట్టి భయపడకుండా ముందు ఆసుపత్రికి తీసుకుపోండి.

విశాఖపట్నంలో నీట్ కోచింగుకి వచ్చి 2023లో చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాలని పదిహేను ఆదేశాలు పెట్టింది. వాటిలో మనకి పనికొచ్చేవి గుర్తుపెట్టుకోండి. వంద మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్నవైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. హాస్టళ్ళలో, క్లాసు గదుల్లో సహాయం ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. అయ్యవార్లకీ, మిగతా సిబ్బందికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలతో వివక్ష లేకుండా, మనసెరిగి మెలగడం కూడా నేర్పాలి. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కాబట్టి మనం దయ అడగటంలేదు. కోర్టు చెప్పింది చేయమంటున్నాం.

ఆ ఫోన్ నంబరు 14416. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. బాధలో ఉన్నోడే చేయాలని లేదు, వాడి అమ్మ చేయొచ్చు, స్నేహితుడు చేయొచ్చు, వార్డెన్ చేయొచ్చు. ఈ పేజీ చింపి హాస్టలు గోడకి అంటించండి, తప్పులేదు.

మనం అడగాల్సినవి

ఒకటి: ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకీ, దానికి అనుబంధంగా ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్ళకీ కలిపి పూర్తికాలం కౌన్సిలరు. నెలకోసారి వచ్చిపోయేవాళ్ళు కాదు. ఆ ఉద్యోగాల్లో మన పిల్లలుండాలి. సైకాలజీ, సోషల్ వర్కు చదివి ఖాళీగా ఉన్నోళ్ళు మన పల్లెల్లోనే ఉన్నారు.

రెండు: స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల పేరుతో హాల్‌టికెట్టు, సర్టిఫికెట్లు ఆపకూడదు. బాకీపడింది ప్రభుత్వం. సిగ్గుతో లేచి నిలబడేది మన పిల్లోడా? సకాలంలో వచ్చే స్కాలర్‌షిప్పు సగం మనసు వైద్యం.

మూడు: క్లాసులో కులం, కేటగిరీ, ఫీజు బాకీ అందరి ముందూ అడగడం ఆపాలి. 2012 యూజీసీ నియమాల ప్రకారం ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, ఫోన్ నంబరు బోర్డు మీద ఉండాలి.

నాలుగు: మొదటి ఏడాది పిల్లలకి సాయంత్రం ఇంగ్లీషు తరగతులు, సీనియర్లతో చదువు సాయం.

ఐదు: జిల్లా పెద్దాసుపత్రి మానసిక వైద్యుడు నెలకి కనీసం ఒకసారి ప్రతి కాలేజీ హాస్టలుకీ రావాలి.

మనం చేయాల్సినవి

కలెక్టరుకి అర్జీ ఇచ్చి ఇంటికొచ్చి కూర్చుంటే చాలదు. ప్రతి పల్లె సంఘం ఒక అన్ననీ, ఒక అక్కనీ పెట్టుకోవాలి. వాళ్ళ పని ఒక్కటే. మన పల్లెనుంచి బయట చదివే పిల్లల పేర్లు రాసుకుని, నెలకోసారి హాస్టలుకి పోయి కలవడం. మార్కులు అడగొద్దు. అన్నం, నిద్ర, స్నేహితులు, స్కాలర్‌షిప్పు – ఇవి అడగండి. ఫలితాలొచ్చే రోజున ఆ పిల్లల ఇళ్ళకి పోయి కూర్చోండి. పాసైనోడి ఇంటికి ఎట్టాగూ అందరూ పోతారు, తప్పినోడి ఇంటికి ముందు పోండి.

నిద్ర పోయినా, తిండి పోయినా, రెండు వారాలకి మించి ముభావంగా ఉన్నా, ఇష్టమైన వస్తువులు ఇతరులకి ఇచ్చేస్తున్నా, ‘నేను లేకపోతే బాగుంటుంది’ అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తుందా?’ అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే బరువు దిగుద్ది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి.

పాస్టరుగార్లకీ, పెద్దలకీ మా మనవి. ప్రార్థన చేయండి, తల్లి మనసు కుదుటపడుద్ది. ప్రార్థన అయ్యాక ఆ చేత్తోనే బస్సెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పల్లె మీ మాట వింటుంది. మా బడిపంతుళ్ళకి మేం చెప్పుకునేది: క్లాసులో వెనక కూర్చుని మాట్లాడని పిల్లోడు బద్దకస్తుడని రాసేయకండి. ఒకసారి పక్కన కూర్చోండి.

మేం ఆ పాత ఫ్లెక్సీ దింపేశాం. ఆ కుర్రాడు ఈ జూన్‌లో మళ్ళీ కాలేజీకి పోయాడు. పోయిన మూడు సబ్జెక్టుల్లో రెండు రాశాడు, ఒకటి ఇంకా ఉంది. మందు వాడుతున్నాడు. అప్పుడప్పుడు ఆదివారం ఇంటికొస్తే దుప్పటి తీయని రోజులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజుల్లో మేం తిట్టం. గడప మీద కూర్చుంటాం, వాళ్ళమ్మ టీ ఇస్తుంది. వాడు లేచినప్పుడు లేస్తాడు. వాడు కలెక్టరవుతాడో లేదో మాకు తెలియదు. వాడు బతికి ఉండాలి, తలెత్తుకుని ఉండాలి. పల్లెకి ముందు కావాల్సింది అది.

బోధించు, సమీకరించు, పోరాడు అన్నాడు బాబాసాహెబు. ఆ మూడూ చేయాలంటే మన పిల్లలు ముందు బతికుండాలి. వచ్చే పక్షం పత్రిక వచ్చేలోపు మీ పల్లె పిల్లలుండే హాస్టలుకి ఒకసారి పోయి రండి. పోయి, ‘ఎట్టా ఉన్నావు నాయనా’, ‘ఎట్టా ఉన్నావమ్మా’ అని అడిగి రండి.

జై భీమ్.